నెల్లూరులో తిని రివ్యూ రాయాలంటే: నన్ను మాటిమాటికీ అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను వంట నేర్చుకున్నదాన్ని కాదు. మినీ బైపాస్ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాసుకుంటాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు "నిన్న ఫలానా చోట ఫలానాది తిన్నాం" అని మొదలైన మాటలు, పక్క సెక్షన్ వాళ్లు "అక్కా, ఈ ఆదివారం ఎక్కడ తినమంటావు" అని అడిగేదాకా వచ్చాయి. తర్వాత రాయడం మొదలైంది. ఇప్పుడు తినాలనుకునేవాళ్ల కంటే తామూ రాస్తామనేవాళ్లే ఎక్కువ అడుగుతున్నారు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకచోట పెడదామని కూర్చున్నా.

హోటల్‌కి కాకుండా ఒక్కో వంటకానికే రివ్యూ రాస్తారెందుకు?

ఒకే హోటల్లో పెనం దగ్గర నిలబడే మాస్టర్ వేరు, దమ్ము పెట్టే చెయ్యి వేరు. స్వీటేమో చాలా చోట్ల బయట నుంచి తెప్పించి అద్దాల బీరువాలో పెట్టిందే. వీళ్లందరినీ కలిపి "ఈ హోటల్ బాగుంది" అంటే ఆ మాట ఎవరికి తగలాలి? ట్రంక్ రోడ్డు మీద ఒక చోట ఇడ్లీ దూదిలా ఉంటుంది, అక్కడే సాంబారు మాత్రం కందిపప్పు మొహం చూడనట్టు ఉంటుంది. ఇడ్లీ తినండి, చట్నీతో తినండి అని రాశాను. దానివల్ల ఇడ్లీ తినేవాడికి ఉపయోగం, సాంబారు ఇష్టమున్నవాడికి జాగ్రత్త.

ఒక్కసారి తిని రాసెయ్యొచ్చా?

రాయకండి. కనీసం రెండుసార్లు, అదీ వేరే వేరే రోజుల్లో, వేరే వేరే వేళల్లో తినండి. ఉదయం ఏడింటికి పడే దోసె వేరు, పదకొండింటికి అడుగు పిండితో పడే దోసె వేరు. ఆ పుల్లటి దోసె తిని వచ్చి "పిండి పులిసిపోయింది" అని రాస్తే అది మీ వేళ తప్పు. పోతే, కొత్తగా తెరిచిన చోటికి మొదటి వారంలో అస్సలు వెళ్లను. ఆ వారం పదార్థాలన్నీ మొదటి రకం పడతాయి, ఓనరే గరిటె పట్టుకుని నిలబడతాడు. రెండో నెలలో వెళ్లండి, అసలు సంగతి తెలుస్తుంది.

చేపల పులుసుని ఎట్లా అంచనా వేస్తారు?

ఇది అడిగేవాళ్లే ఎక్కువ, నేను ఎక్కువ మాట్లాడేదీ దీని గురించే, కాబట్టి ఓపిక పట్టండి.

నెల్లూరు చేపల పులుసంటే చింతపండు పులుపు ఒక్కటే కాదు, మామిడికాయ పులుపు కూడా. రెండు పులుపులు ఉన్నాయా, ఒకటే ఉందా అన్నది మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. చింతపండు నాలుక చివర కొడుతుంది, మామిడికాయ కాస్త ఆగి దవడల పక్కన తగులుతుంది. వేసవిలో పుల్లటి కాయ దండిగా దొరుకుతుంది కాబట్టి అప్పటి పులుసుకీ, కాయ సరిగ్గా దొరకని నెలల్లో పులుసుకీ తేడా ఉంటుంది. ఏ నెలలో తిన్నారో రివ్యూలో రాయండి.

రెండోది నూనె. నువ్వుల నూనెతో చేసిన పులుసులో నూనె పైకి తేలి ఎర్రగా మెరుస్తుంది, వాసన వేరేగా ఉంటుంది. మూడోది మెంతులు. ఒక్క రవ్వ ఎక్కువైనా చేదొస్తుంది, లేకపోతే పులుసుకి వెనకాల బలం ఉండదు. నాలుగోది ముక్క. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టి తిప్పకూడదు, గిన్నె చెవులు పట్టుకుని కదపాలి. హోటల్లో పెద్ద డేగిసాల్లో అదెక్కడ కుదురుతుంది, అందుకే చాలాచోట్ల ముక్క చెదిరి పులుసులో పీచు తేలుతుంటుంది. ముక్క నిలిచి, లోపలిదాకా పులుపు ఇంకి ఉంటే ఆ వంటవాడికి దండం పెట్టొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం వయసు. పులుసుది, మీది కాదు. పొద్దున వండింది రాత్రికి, రాత్రి వండింది మర్నాటికి రుచి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదట్లో ఒక మెస్‌లో మధ్యాహ్నం పన్నెండుకి, అప్పుడే దించిన పులుసు తిని "పులుపు ఒకవైపు, ఉప్పు ఒకవైపు, ముక్క ఒకవైపు" అని ఘాటుగా రాసేశాను. కావలి నుంచి వచ్చిన మా అత్త అది చదివి, "ఏందమ్మా, పొయ్యి మీద నుంచి దించిన పులుసుకి పరీక్ష పెడతావా" అని నవ్వింది. మళ్లీ ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి వెళ్లి తిన్నా. అదే పులుసు. అదే మనిషి వండాడు. పాత రివ్యూ కింద తప్పు నాదేనని రాసి, కొత్తది పెట్టాను.

మెనూలో రాసిన చేప, ప్లేట్లో ఉన్న చేప ఒకటేనా?

అన్నిసార్లూ కాదు. కొర్రమీను ఖరీదు ఎక్కువ, ముళ్లు తక్కువ, అందుకని దాని పేరుతో వేరే చేప వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చందువా అని చెప్పి చెరువులో పెంచిన రూప్‌చంద్ వేయించి పెట్టేవాళ్లున్నారు. రెండూ పలకలా వెడల్పుగానే ఉంటాయి, కానీ చందువా సముద్రపు చేప, మాంసం మెత్తగా విడిపోతుంది. రూప్‌చంద్ మంచినీటి చేప. ముళ్లులేని చేప వేపుళ్లలో ఇప్పుడు చాలాచోట్ల బాసా అనే పెంపకపు చేపే. బాసా తినకూడదని కాదు, బాసా అని రాసి పెడితే ఎవరికీ గొడవ లేదు. అడగండి. "ఇవాళ ఏం చేప అన్నా?" అని అడిగితే మంచి హోటల్లో సర్వర్ టక్కున చెబుతాడు. లోపలికి వెళ్లి కనుక్కుని వస్తానన్నా మంచిదే. "ఫిష్ సార్, ఫిష్" అన్నాడంటే మాత్రం గుడ్డు కూర చెప్పుకోండి.

ఎండాకాలంలో వంజరం ఎందుకు అంత బాగుండదు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజుల్లో హోటల్లో దొరికే పెద్ద వంజరం ముక్క ఐస్‌లో నిలవ ఉన్నదో, పడమటి తీరం నుంచి వచ్చిందో అయ్యే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలియకుండా నేనొక మే నెలలో "ఊళ్లో వంజరం నాణ్యత పడిపోయింది" అని పెద్ద ధోరణిలో మాట్లాడుతుంటే, మార్కెట్లో చేపలమ్మే ఆమె కత్తిపీట ఆపి నా మొహం చూసి, "పడవలు కట్టేసుండారు తల్లీ, వంజరం నడిచొస్తదా?" అంది. ఆ రెండు నెలలూ చెరువు చేప తినండి, చెరువు చేపకే రాయండి.

రొయ్యల సంగతి?

మన జిల్లా చుట్టూ చెరువులే కాబట్టి రొయ్య తాజాగా ఉండకపోతే సాకు లేదు. చెరువుల్లో ఎక్కువగా పెంచేది వనామీ, మన దేశంలో దాన్ని పెంచడానికి అనుమతి ఇచ్చింది 2009లో. అంతకుముందు టైగర్ రొయ్యదే రాజ్యం. టైగర్‌కి ఒంటి మీద పట్టీలుంటాయి, ఉడికితే ముదురు ఎరుపు. వనామీ పాలిపోయినట్టుంటుంది, ఉడికినా లేత రంగే. మెనూలో టైగర్ అని ఉంటే పట్టీలు వెతకండి. ఇక వంట విషయానికొస్తే, రొయ్య కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, ఉంగరంలా బిగుసుకుంటే ఎక్కువ ఉడికినట్టు, ఇక అది రబ్బరే. వీపు మీద నల్ల నరం తీశారా లేదా చూడండి. తియ్యకపోతే ఆ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి, వంటగదిలో ఎంత ఓపికగా పనిచేస్తున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

కారం దోసెలో ఏం చూడాలి?

ఎర్ర కారం పచ్చివాసన వస్తోందా, అదొక్కటే. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన కారం దోసె మీద పూసి వెంటనే మడిచేస్తే పచ్చిగానే ఉండిపోతుంది. పెనం మీదే కాసేపు ఉంచి, నెయ్యి వేసి, కారం రంగు కొంచెం ముదిరాక పప్పుల పొడి చల్లి మడవాలి. హడావిడి ఉన్న ఉదయం చాలామంది మాస్టర్లు ఆ కాసేపు ఆగరు. ఆదివారం వద్దు, మంగళవారం వెళ్లండి.

పులిసిన పిండిని ఉండలుగా నూనెలో వేయించే పులిబొంగరాల గురించి కూడా అడుగుతుంటారు. బండి దగ్గర నూనె చూడండి, చాలు. నల్లగా, చిక్కగా, నురగ కడుతూ, పొగ వస్తుంటే పక్కకి జరగండి. నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం, 2018 జులై నుంచి ఉంది. బండి దగ్గర మనం మీటరు పెట్టి కొలవలేం గదా, కళ్లు, ముక్కు ఉన్నాయి.

మలై కాజా అంటే బయటి ఊరివాళ్లు మడత కాజా అనుకుంటున్నారు. ఎట్లా వివరించాలి?

తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా కరకరలాడుతుంది, కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపల దాగిన పాకం చిమ్ముతుంది. మన మలై కాజా ఆ రెంటికీ దూరపు చుట్టం కూడా కాదు, పేరొక్కటే కలిసింది. ఇది కోవా కలిసిన మెత్తటి స్వీటు, పాకంలో నాని, లోపల మలైతో ఉంటుంది. గులాబ్‌జామ్‌కి దగ్గర అని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను గానీ, తెలియనివాళ్లకి చెప్పేటప్పుడు ఆ పోలిక పనికొస్తుంది.

రివ్యూ రాసేటప్పుడు మూడు సంగతులు చూస్తా. పైపొర నోట్లో పెట్టగానే తెగాలి, సాగకూడదు. సాగిందంటే మైదా ఎక్కువైంది. లోపలి మలై పాల వాసన రావాలి, చక్కెర వాసన కాదు. తిన్నాక పైదవడకి జిడ్డు పొర అంటుకోకూడదు, అంటుకుంటే అది డాల్డా పనో, పాత నూనె పనో. గోరువెచ్చగా ఒకటి, చల్లారాక ఒకటి తినండి. ఫ్రిజ్‌లో పెట్టింది తిని తీర్పు చెప్పొద్దు, కోవా గట్టిపడి ఏ కొట్టు కాజా అయినా ఒకటేలాగ ఉంటుంది.

ఇంకొకటి, 2020 అక్టోబర్ 1 నుంచి విడిగా అమ్మే స్వీట్ల ట్రే దగ్గర ఎప్పటిలోపు తినాలో తేదీ రాసి పెట్టాలి. పాల స్వీట్ల దగ్గర ఆ చీటీ లేకపోతే నేను కొనను. చీటీ ఉండి, దాని మీద తేదీ చెరిపి మళ్లీ రాసినట్టుంటే ఇంకా కొనను.

ఒంగోలు మైసూర్‌పాక్ కూడా రాయొచ్చు గదా?

రాశాను. ఒంగోలు వెళ్లినవాళ్లు అల్లూరయ్య మైసూర్‌పాక్ తేకుండా తిరిగి రారు, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మైసూర్‌పాక్‌లో రెండు జాతులున్నాయి, గుల్లగా ఇటుకలా విరిగేది ఒకటి, నెయ్యితో మెత్తగా కరిగేది ఒకటి. ఒకదాన్ని ఆశించి రెండోదాన్ని తిని తిట్టకండి. మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలున్నాయి, నేను గుల్ల పార్టీ.

కేఫ్‌ల డెజర్ట్‌లు? చీజ్‌కేక్, బ్రౌనీ లాంటివి?

మాగుంట లేఔట్ వైపు సాయంత్రం నడిస్తే లైట్లు, మొక్కలు, గోడ మీద ఇంగ్లీష్ వాక్యాలు. అక్కడ కూర్చుంటే ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది, అదే ఇబ్బంది. అందుకే కేఫ్ స్వీటు ఒకసారి అక్కడ తిని, రెండోసారి ఇంటికి తెచ్చుకుని స్టీలు ప్లేట్లో పెట్టుకుని తింటా. స్టీలు ప్లేట్లో కూడా బాగుంటే అప్పుడు రాస్తా.

చీజ్‌కేక్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఓవెన్ మొహం చూడనివే, విప్ క్రీమ్ ఎక్కువ, చీజ్ తక్కువ. తప్పేం లేదు, బేక్ చేసిందా సెట్ చేసిందా అని అడిగి రాయండి. వనస్పతి క్రీమ్ అయితే నోట్లో మైనం పూసినట్టు ఒక పొర మిగులుతుంది, మంచినీళ్లు తాగినా పోదు, కాఫీ తాగితే పోతుంది. బ్రౌనీ మీద ఐస్‌క్రీమ్ పెట్టి తెస్తే ఐస్‌క్రీమ్ పక్కకి తోసి బ్రౌనీ విడిగా ఒక ముక్క తినండి. ఎండిపోయిన బ్రౌనీని కాపాడటానికే సగంసార్లు ఆ ఐస్‌క్రీమ్, ఆ చాక్లెట్ సాస్.

ఐస్‌క్రీమ్ అన్నా గదా. పాల కొవ్వుతో చేసిందే ఐస్‌క్రీమ్, మామూలు ఐస్‌క్రీమ్‌లో అది కనీసం 10 శాతం ఉండాలి. మొక్కల నూనెల కొవ్వుతో చేస్తే దాని పేరు ఫ్రోజెన్ డెజర్ట్, డబ్బా మీద అట్లాగే రాస్తారు. కేఫ్‌లో మనకి డబ్బా కనపడదు, కప్పు కనపడుతుంది. ఏ డబ్బా అని అడగడానికి మొహమాటపడకండి.

జున్ను రివ్యూ ఎందుకు రాయరు?

ఈనిన గేదె మొదటి కొన్ని రోజులే జున్నుపాలిస్తుంది. అలాంటిది ఏడాది పొడుగునా, ఏ రోజైనా, ఎంత కావాలంటే అంత దొరుకుతోందంటే అందులో చైనా గ్రాస్, అంటే పాలని గడ్డకట్టించే సముద్రపు నాచు పదార్థం, ఉందేమోనని నాకు అనుమానం. అసలు జున్ను గరిటెకి కొంచెం గరుకుగా, గుల్లగుల్లగా తెగుతుంది, చైనా గ్రాస్‌ది అద్దంలా నున్నగా జారుతుంది. నిజమైన జున్ను దొరికిన రోజు నేను రాస్తూ కూర్చోను, తినేస్తాను.

ఫిల్టర్ కాఫీ?

చెన్నై పక్కనే ఉన్నాం కాబట్టి మనకి కాఫీ బాగా తెలుసనుకుంటాం. పొడిలో చికోరీ అనే వేయించిన వేరు పొడి 49 శాతం దాకా కలపొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. చిక్కగా, నల్లగా ఉన్నంత మాత్రాన గట్టి కాఫీ కాదు, ఆ నలుపు చికోరీది కావచ్చు.

ఐదుకి ఇన్ని స్టార్లు అని ఇవ్వరెందుకు?

జనం అంకె చూసి కింద రాసింది చదవరు కాబట్టి. పైగా నాలుగు స్టార్ల పులిబొంగరానికీ, నాలుగు స్టార్ల బిర్యానీకీ ఏం పోలిక చెప్పండి.

హోటల్‌వాళ్లు ఫ్రీగా పెడతామంటే?

పిలిచారు. ఒక చోట మా కుటుంబం నలుగురికీ భోజనం, పైన చేతిలో కవరు, "బాగా రాయండి మేడమ్" అని. వెళ్లలేదు, అంత నిప్పుని కాదు గానీ ఆ రోజు మా పిల్లాడికి జ్వరం. తర్వాత ఆలోచిస్తే వెళ్లకపోవడమే మంచిదైంది, వెళ్లుంటే ఉప్పు ఎక్కువైందని రాయడానికి నా చెయ్యి లేచేది కాదు. ఫ్రీగా తిన్నా, డబ్బు తీసుకున్నా ఆ సంగతి చదివేవాళ్లకి కనపడేలా చెప్పాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. కొత్తగా రాసేవాళ్లు "పిలిస్తే వెళ్లాను, డబ్బులు కట్టలేదు" అని మొదటి లైన్‌లో రాసెయ్యండి, సగం టెన్షన్ పోతుంది.

బాగాలేదని ఎట్లా రాయాలి? కొట్టువాళ్లతో గొడవొస్తే?

ఏం తిన్నారో, ఏ రోజు, ఏ వేళకో, ఏం తేడా అనిపించిందో రాయండి. "చెత్త" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. "మటన్ ముక్క ఉడకలేదు, పళ్లతో లాగాల్సి వచ్చింది" అంటే మాస్టర్‌కి కూడా అర్థమవుతుంది. మనుషుల మీద రాయకండి, ముఖ్యంగా సర్వర్ల మీద. పన్నెండు గంటలు నిలబడే మనిషి నవ్వలేదని రివ్యూలో పెట్టడం ఏం పద్ధతి? రాయడానికి ముందు అక్కడే చెప్పి చూడండి. ఒకసారి ఉప్పు లేని పప్పు గురించి చెబితే, ఓనర్ వచ్చి రుచి చూసి, "నిజమే సామీ" అని గిన్నె మొత్తం లోపలికి తీసుకుపోయాడు. ఆ రోజు దాని గురించి రాయడానికి ఏం మిగల్లేదు.

పార్సిల్ తెప్పించుకుని రివ్యూ రాస్తే తప్పా?

పార్సిల్‌కి రాశానని చెబితే తప్పు కాదు. దోసె, పూరి మాత్రం వద్దు, డబ్బాలో ఆవిరికి ఏ దోసె అయినా తడిగుడ్డే. పులుసు, బిర్యానీ తట్టుకుంటాయి. వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా మధ్యాహ్నం ఎండలో వచ్చిన ఐస్‌క్రీమ్ మీద తీర్పు చెప్పేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తే కట్టాలా?

జీఎస్టీ కట్టాలి, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. సర్వీస్ ఛార్జి మనకి ఇష్టముంటేనే. అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసెయ్యమని మామూలుగా అడగండి, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరుందా అని కూడా ఒకసారి చూడండి.

తిన్నాక కడుపు పాడైతే రివ్యూలో రాయాలా?

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాయడం తర్వాత. పైగా చివర తిన్నదే కారణమని మనం అనుకుంటాం గానీ, అంతకుముందు రోజు తిన్నది కూడా కావచ్చు. కలిసి తిన్నవాళ్లందరికీ అట్లాగే అయితే అప్పుడు బిల్లు పట్టుకుని ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయండి.

రొట్టెల పండక్కి వచ్చినప్పుడు ఆ రొట్టెల రివ్యూ రాయమని ఒకాయన అడిగాడు, రాశారా?

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో చేతులు మారే రొట్టె అది. ఒకరు చదువు రొట్టె అంటారు, ఒకరు ఉద్యోగం రొట్టె అంటారు, కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడాది తెచ్చి పంచుతారు. దాని మెత్తదనం, ఉప్పు నేనెందుకు చూస్తాను నాయనా. ఆ రోజుల్లో బయట అమ్మే తిండి గురించి కావాలంటే అడగండి.

ఒక్క రోజు కోసం నెల్లూరు వస్తున్నాం. ఏ వరసలో తినాలి?

పొద్దున ఎనిమిది లోపు కారం దోసె, దాంతో ఇంకేం వద్దు. మధ్యాహ్నం భోజనం మెస్‌లో, ఆకు వేసే చోట, పప్పు, వేపుడు, పెరుగుతో సరిపెట్టుకోండి. పులుసు అప్పుడే అడిగి తొందరపడకండి. సాయంత్రం మైపాడు బీచ్‌కి వెళ్లొస్తామంటే పాతిక కిలోమీటర్లే, దారిలో ఆకలేస్తే వేడి మొక్కజొన్న తినండి గానీ కడుపు నింపుకోకండి. రాత్రి ఎనిమిదికి పులుసన్నం. స్టేషన్‌కి వెళ్లేముందు మలై కాజా కట్టించుకోండి, కవర్లో మాత్రం వద్దు, మూత గట్టిగా పడే డబ్బాలో వేయించి బ్యాగ్‌లో నిలువుగా పెట్టండి. మా ఆడబిడ్డ హైదరాబాద్ వెళ్లేటప్పుడు అడ్డంగా పెట్టుకుని పోయింది, ఒంగోలు దాటేసరికి పాకం మొత్తం పట్టుచీర తాగేసింది.